జోలె పట్టిన చెల్లెళ్ళు

(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం చరిత్ర ప్రసంగంలో రాజులూ, యుద్ధాలూ లేవు. ఒక ముసలావిడకి తన మంచం ఇచ్చేసి, తాను అటక మీద పడుకున్న ఒక పనిమనిషి కథ చెప్తాను. ఆ మంచం దగ్గర మొదలైన సేవ అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా ఎలా వచ్చిందో, వచ్చాక ఇక్కడ ఏ చిక్కులో పడిందో, ఆ చిక్కు ఈవేళ మన తెలుగు ఇళ్ళ ముంగిట్లోకి ఎలా వచ్చి కూర్చుందో చూద్దాం.

లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మన మాటల్లో చెప్పాలంటే "పేదల చిన్న చెల్లెళ్ళు". ఆరోగ్య బీమా చట్టం కింద వచ్చిన గర్భనిరోధక నిబంధన మీద వీళ్ళు వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో ఒకసారి, 2020లో ఇంకోసారి పేపర్లలో వీళ్ళ పేరు మారుమోగింది. ఆ వివాదం జోలికి నేను పోను. ఆ దావాకి సుమారు నూట యాభై ఏళ్ళ ముందు నుంచే వీళ్ళు ఈ దేశంలో చేస్తూ వచ్చిన పని ఏమిటన్నదే ఈవేళ్టి విషయం.

ముందు ఒక్క సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో చేతిలో చిల్లిగవ్వ లేని ముసలివాళ్ళకి దిక్కు ఏమిటి? పిల్లలు చూస్తే సరే. లేకపోతే పూర్‌హౌస్. ఊరో, కౌంటీయో నడిపే దరిద్రుల సత్రం అన్నమాట. ముసలివాళ్ళూ, అనాథ పిల్లలూ, మతిస్థిమితం లేనివాళ్ళూ, దీర్ఘరోగులూ, అందరూ ఒకే కప్పు కింద. ఆడవాళ్ళని ఒక వైపు, మగవాళ్ళని ఒక వైపు ఉంచేవారు కాబట్టి, యాభై ఏళ్ళు కాపురం చేసిన ఆలుమగలు కూడా అక్కడికి వెళ్తే విడిపోవలసిందే. పూర్‌హౌస్‌కి పోవడం అంటే పరువు పోవడం. మన ఊళ్ళలో "వృద్ధాశ్రమంలో చేర్చారట" అన్నప్పుడు గొంతు ఎలా తగ్గిస్తామో, ఇక్కడ ఆ రోజుల్లో ఈ మాట అనడానికీ అలాగే గొంతు తగ్గించేవారు.

ఇప్పుడు ఫ్రాన్సుకి వెళ్దాం. ఫ్రాన్సు వాయవ్య మూల బ్రిటనీ అనే ప్రాంతం ఉంది. సముద్రం మీద బతికేవాళ్ళ నేల. అక్కడ కాంకాల్ అనే ఊళ్ళో 1792 అక్టోబరు 25న ఝాన్ జుగాన్ పుట్టింది. తండ్రి జాలరి. ఆ పిల్ల చిన్నప్పుడే ఆయన సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఈమె పదహారో ఏట ఒక జమీందారిణి ఇంట్లో వంటపనికి చేరింది. తరవాత సెయింట్ సెర్వాన్ అనే రేవు పట్నంలో ఆస్పత్రిలో పనిచేసింది, మరో ఇంట్లో కొలువు చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఆస్తి లేదు, పెద్ద చదువు లేదు.

1839 చలికాలం నాటికి ఆమెకి నలభై ఏడేళ్ళు. చిన్న అద్దె వాటాలో, తనకన్నా పెద్దదైన ఒక స్నేహితురాలితోనూ, ఒక అనాథ పిల్లతోనూ కలిసి ఉంటోంది. ఆ ఊళ్ళో ఆన్ షోవాన్ అని ఒక ముసలావిడ. కళ్ళు కనపడవు, శరీరం సగం చచ్చుబడింది, చూసే దిక్కు లేదు. ఝాన్ జుగాన్ ఆవిడని ఇంటికి తీసుకొచ్చి, మెట్ల మీద మోసుకుంటూ పైకి ఎక్కించి, తన మంచం మీద పడుకోబెట్టింది. తాను అటక మీద సర్దుకుంది. కొన్నాళ్ళకి ఇంకొక ఆవిడ వచ్చింది. తరవాత ఇంకొకరు. 1841 నాటికి ఆ వాటా చాలక, ఒకప్పుడు సారాకొట్టుగా ఉన్న ఇంటి కింది భాగంలోకి మారారు. మరుసటి ఏడు ఖాళీగా పడి ఉన్న ఒక పాత మఠం భవనం కొన్నారు.

మరి ఇంతమందికి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడే ఈ కథలో అసలు మలుపు. ఆ ముసలివాళ్ళలో కొందరు అప్పటిదాకా వీధుల్లో అడుక్కుని బతికినవాళ్ళే. ఝాన్ జుగాన్ వాళ్ళని ఇంట్లో కూర్చోమని, ఎవరెవరి గుమ్మాల్లోకి వెళ్ళేవారో అడిగి తెలుసుకుని, బుట్ట పట్టుకుని ఆ గుమ్మాలకి తానే వెళ్ళింది. వాళ్ళ అవమానాన్ని తాను నెత్తిన వేసుకుంది. ఒకసారి ఒక పెద్దమనిషి చిరాకు పడి చెంపదెబ్బ కొట్టాడట. ఈ దెబ్బ నాకు సరే, మా పేదవాళ్ళకి ఏమిస్తారు అని ఆమె అడిగిందని చెప్పుకుంటారు.

మనకి ఇది కొత్తగా అనిపించదు. మధూకరం ఎత్తుకుని చదువుకున్నవాళ్ళు మన తాతల తరంలో ఎందరో. ఒక మంచి పనికోసం జోలె పట్టడం మన భాషలో గౌరవమైన మాటే. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన కాలం కూడా ఆ పందొమ్మిదో శతాబ్దమే. తేడా ఒక్కటి ఉంది. సీతమ్మగారిది గృహస్థు ధర్మం, తన పొలం పంట తన వాకిట్లో పెట్టింది. ఝాన్ జుగాన్‌కి పొలమూ లేదు, వాకిలీ లేదు. ఆమె దగ్గర ఉన్నది జోలె ఒక్కటే. ఆ జోలెనే ఒక పద్ధతిగా మార్చింది.

ఆ పద్ధతిలో మూడు సంగతులు గమనించండి. ఒకటి, ఈ సిస్టర్లు అందరు సన్యాసినుల్లాగా బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు వ్రతాలతో పాటు ఆతిథ్యం అని నాలుగో వ్రతం కూడా పట్టారు. వచ్చిన ముసలివాళ్ళు అతిథులన్నమాట. రెండు, పెద్దవాళ్ళు తిన్నాక మిగిలిందే సిస్టర్లు తినేవారు. హోటళ్ళ నుంచి వాడేసిన కాఫీ పొడి తెచ్చి మళ్ళీ మరిగించి పెద్దవాళ్ళకి కాఫీ ఇచ్చేవారట. రెండో డికాషను సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే కదా! మూడు, నిలవ ఆదాయం వద్దన్నారు. 1865లో ఏటేటా వడ్డీ వచ్చే పెద్ద సొమ్ము తీసుకోవాలా వద్దా అని చర్చ వచ్చినప్పుడు ఝాన్ జుగాన్‌ని అడిగితే, వద్దనే ఆమె చెప్పింది. ఏ రోజుకి ఆ రోజు నలుగురి దగ్గరికీ వెళ్ళి అడగడంలోనే ఊరికీ ముసలివాళ్ళకీ మధ్య తాడు తెగకుండా ఉంటుందని నాకు అర్థమైన సంగతి.

ఈ కథలో చేదు కూడా ఉంది. 1843లో సిస్టర్లు ఆమెనే మళ్ళీ పెద్దగా ఎన్నుకుంటే, లె పైయ్యూర్ అనే మతగురువు ఆ ఎన్నిక చెల్లదని, ఆమెకన్నా చాలా చిన్నదైన మరో సిస్టరుని పెద్దగా పెట్టాడు. 1845లో ఫ్రెంచి అకాడమీ ఈ సేవకి 3000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది ఝాన్ జుగాన్ పేరు మీదనే. అయినా 1852లో ఆమెని ఊళ్ళమ్మట తిరిగే పని మాన్పించి ప్రధాన మఠానికి రప్పించారు. సంస్థని స్థాపించింది తానేనని ఆ గురువు చెప్పుకున్నాడు. ఇరవై ఏడేళ్ళు ఆమె కొత్తగా చేరిన ఆడపిల్లల మధ్య ఒక మామూలు ముసలి సిస్టరుగా గడిపింది. ఈ సంస్థని మొదలుపెట్టింది ఈవిడేనని ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. 1879 ఆగస్టు 29న కన్నుమూసేనాటికి సంస్థలో సుమారు 2400 మంది సిస్టర్లు. 1890లో రోము విచారణ జరిపి ఆ గురువుని తప్పించింది. 1982లో ఆమెకి బ్లెస్డ్ అనే హోదా ఇచ్చారు, 2009 అక్టోబరు 11న సెయింట్‌గా ప్రకటించారు. ఆ ప్రకటనకి ఆధారంగా తీసుకున్న అద్భుతం అమెరికాదే: అన్నవాహిక కేన్సరు వచ్చిన నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా డాక్టరు ఒకాయన 1989లో కోలుకోవడం.

ఇక అమెరికాకి వద్దాం. అంతర్యుద్ధం 1865లో ముగిసింది. రేవు పట్నాల నిండా ఐర్లండు నుంచీ, జర్మనీ నుంచీ వచ్చినవాళ్ళు. వచ్చినప్పుడు కుర్రవాళ్ళు, వయసు మళ్ళేసరికి వాళ్ళకి ఈ గడ్డ మీద అన్నదమ్ములూ లేరు, ఊరూ లేదు. అలాంటి సమయంలో 1868 సెప్టెంబరు 13న ఏడుగురు లిటిల్ సిస్టర్లు న్యూయార్కు పక్కన బ్రూక్లిన్‌లో దిగారు. ఆ ఏడాది తిరక్కుండానే సిన్సినాటిలోనూ, న్యూ ఆర్లియన్స్‌లోనూ ఇళ్ళు తెరిచారు. తరవాత రెండు మూడేళ్ళలో బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, సెయింట్ లూయిస్, బోస్టన్, క్లీవ్‌లాండ్, వాషింగ్టన్. ఇంగ్లీషు సరిగా రాని ఫ్రెంచి ఆడవాళ్ళు, నల్ల అంగీలతో, ఇద్దరిద్దరుగా గుర్రబ్బండి మీద మార్కెట్ల చుట్టూ తిరిగి కూరగాయలూ, రొట్టెలూ, పాత బట్టలూ పోగుచేసేవారు. ఏ మతం వాళ్ళయినా సరే, అరవై దాటి, పేదవాళ్ళయితే చాలు.

వాషింగ్టన్ ప్రాంతంలో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాళ్ళకి ఒక గుర్తు చెప్తాను. హెచ్ స్ట్రీటు మీద పిల్లల మ్యూజియం ఉండేది, 2004లో మూసేశారు. మీ పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు. ఆ ఎర్ర ఇటుకల భవనం అసలు లిటిల్ సిస్టర్లు వృద్ధుల కోసం కట్టినది. ఇప్పుడు అది అపార్టుమెంట్లు. సిస్టర్లు కాథలిక్ యూనివర్సిటీ దగ్గర హేర్‌వుడ్ రోడ్డులోని కొత్త ఇంటికి మారారు. దాని పేరు ఝాన్ జుగాన్ రెసిడెన్స్.

అన్నీ మంచి కబుర్లే కాదు. పిట్స్‌బర్గు అనగానే మనకి వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అదే ఊళ్ళో 1931 జూలై 24న లిటిల్ సిస్టర్ల వృద్ధాశ్రమానికి నిప్పంటుకుని నలభై మందికి పైగా చనిపోయారు. పై అంతస్తుల్లో ఉన్న నడవలేని ముసలివాళ్ళు. పెద్ద పెద్ద కట్టడాలు, బారులు తీరిన మంచాలు. ప్రేమ ఒక్కటే సరిపోదనీ, తలుపులూ, మెట్లూ, కాపలా కూడా సేవలో భాగమేననీ అమెరికాకి ఎంతో ఖరీదైన పాఠం అది.

అసలు చిక్కు దానికి కొంచెం ముందే మొదలైంది. బ్రిజెట్ తెరెసా మెక్రోరీ అనే అమ్మాయి 1893లో ఐర్లండులోని టైరోన్ కౌంటీలో పుట్టింది. చిన్నప్పుడే కుటుంబం స్కాట్లండుకి వలస వెళ్ళింది. 1912లో లిటిల్ సిస్టర్లలో చేరింది, 1915లో అమెరికాకి వచ్చింది. మదర్ ఏంజెలీన్ తెరెసా అంటే ఈవిడే. 1926లో న్యూయార్కు బ్రాంక్స్‌లోని వృద్ధాశ్రమానికి పెద్ద అయింది. అక్కడ ఆవిడకి రెండు సంగతులు కనపడ్డాయి.

మొదటిది, ఫ్రాన్సులో తయారైన పద్ధతి అమెరికా ముసలివాళ్ళకి అతకడం లేదు. పల్లెటూరి బ్రిటనీలో హాయిగా అనిపించిన ఉమ్మడి పడకగదులూ, మఠం గంటలూ, ఫ్రెంచి అలవాట్లూ న్యూయార్కులో బతికిన మనిషికి ఇరుకుగా తోచేవి. వాళ్ళకి కాస్త ఏకాంతం కావాలి, సొంత అలవాట్లు కావాలి, తన ఇష్టప్రకారం తిరిగే వీలు కావాలి. రెండోది, సంస్థ నియమం ప్రకారం నిరుపేదల్నే చేర్చుకోవాలి. కానీ టీచర్లుగా, గుమాస్తాలుగా పనిచేసి రిటైరైనవాళ్ళు కూడా దిక్కులేక వస్తున్నారు. వాళ్ళ దగ్గర నాలుగు డాలర్లున్నాయి, మనుషులు లేరు. ఒంటరితనానికి పేదా మధ్యతరగతీ తేడా లేదు.

ఈ మార్పులు చేద్దామంటే ఫ్రాన్సులోని పెద్దల నియమాలు ఒప్పుకోవు. న్యూయార్కు కార్డినల్ హేస్ సలహా అడిగింది, ఆయన ప్రోత్సహించాడు. చివరికి 1929లో రోము అనుమతితో, మరో ఆరుగురు సిస్టర్లతో పాత సంస్థ నుంచి బయటికి వచ్చింది. చూడండి, 1868లో ఓడ దిగినవాళ్ళు ఏడుగురు, 1929లో గడప దాటినవాళ్ళూ ఏడుగురే. ఆ ఏడాది చివర్లోనే స్టాక్ మార్కెట్టు కుప్పకూలింది. అంత గడ్డుకాలంలోనూ 1931లో బ్రాంక్స్‌లో సెయింట్ పాట్రిక్స్ హోం తెరిచారు. అదే సంవత్సరం కార్మెలైట్ సంప్రదాయంలో చేరి, కార్మెలైట్ సిస్టర్స్ ఫర్ ది ఏజ్‌డ్ అండ్ ఇన్‌ఫర్మ్ అయ్యారు. తరవాత న్యూయార్కు రాష్ట్రంలోని జర్మన్‌టౌన్ వాళ్ళ ప్రధాన స్థానం అయింది. మదర్ ఏంజెలీన్ 1984 జనవరి 21న, తన తొంభై ఒకటో పుట్టినరోజు నాడే కన్నుమూసింది. 2012లో రోము ఆమెకి వెనరబుల్ అనే గౌరవం ఇచ్చింది.

ఇందులో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఝాన్ జుగాన్ ఎవరూ పట్టించుకోని మనిషికి మంచం ఇచ్చింది. మదర్ ఏంజెలీన్ ఆ మంచం ఎవరి అలవాటు ప్రకారం వేయాలి అని అడిగింది. మొదటి పని జరక్కపోతే రెండో ప్రశ్న పుట్టేదే కాదు. తరవాతి దశాబ్దాల్లో లిటిల్ సిస్టర్లు కూడా పాత భవనాలు వదిలి విడి గదులున్న ఇళ్ళు కట్టుకున్నారు. అంటే విడిపోయిన చెల్లెలు చెప్పిన మాట అక్క కూడా విన్నట్టే కదా!

ఈలోగా ప్రభుత్వం కూడా మారింది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. అందులోని వృద్ధుల సహాయం ప్రభుత్వ సత్రాల్లో ఉండేవాళ్ళకి ఇవ్వకూడదన్నారు. దాంతో పూర్‌హౌసులు మెల్లగా ఖాళీ అయి, ప్రైవేటు ఆశ్రయాలు పెరిగాయి. 1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. నర్సింగ్ హోం అనేది పెద్ద వ్యాపారం అయింది. సిస్టర్లు కూడా లైసెన్సులూ, తనిఖీలూ ఉన్న నర్సింగ్ హోములే నడుపుతున్నారు. మెడికెయిడ్ సొమ్ము ఖర్చుకి చాలదు కనుక జోలె ఇంకా దించలేదు, గుర్రబ్బండి బదులు వ్యాను వచ్చింది.

కొరత ఇప్పుడు డబ్బుది మాత్రమే కాదు, మనుషులది కూడా. సన్యాసం తీసుకునే ఆడపిల్లలు తగ్గిపోయారు. డెన్వర్‌లో 1918 నుంచి నడిచిన మల్లెన్ హోం నుంచి తప్పుకుంటున్నామని లిటిల్ సిస్టర్లు 2021లో ప్రకటించారు. నూరేళ్ళు దాటిన ఇల్లు. పెద్దవాళ్ళు ఉన్నారు, చూసే చేతులు లేవు.

ఇక మన సంగతి. ఈ లిటిల్ సిస్టర్లు 1882లో కలకత్తాలో, 1900లో బెంగుళూరులో ఇళ్ళు తెరిచారు. మన సికింద్రాబాదులో కూడా వీళ్ళ ఇల్లు ఉంది. కాబట్టి ఇది పరాయి కథ కాదు. కానీ నేను చెప్పదలచుకున్నది మన అమెరికా ఇళ్ళ గురించి.

పిల్లల్ని పెంచడానికి వచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ, గ్రీన్‌కార్డు మీద స్థిరపడ్డ తాతయ్యలూ ఇప్పుడు ఎనభైల్లోకి వస్తున్నారు. 1960, 70ల్లో వచ్చిన డాక్టర్లూ, ఇంజనీర్లూ వాళ్ళే తాతలయ్యారు. ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులకి అరవై అయిదు నిండి, గ్రీన్‌కార్డు మీద అయిదేళ్ళు వరసగా ఉంటే గాని మెడికేర్ డబ్బు కట్టి కొనుక్కునే వీలు లేదు. పోనీ మెడికేర్ ఉన్నా, ఆస్పత్రి తరవాత కొద్దిరోజుల నర్సింగ్ సేవకే అది ఇస్తుంది. ఏళ్ళ తరబడి స్నానం చేయించి, అన్నం తినిపించే సేవకి ఇవ్వదు. ఈ సంగతి చాలా ఇళ్ళలో అవసరం పడ్డ రోజునే తెలుస్తుంది.

అప్పుడు ఇంట్లో మాట మొదలవుతుంది. "మన పెద్దవాళ్ళని హోంలో పెడతామా?" అని ఒకరు, "ఉద్యోగాలు మానుకుంటామా?" అని ఇంకొకరు. తప్పుచేస్తున్నామన్న బాధతో నలిగిపోయేవాళ్ళు ఎందరో. నా మనవి ఏమిటంటే, ఇంట్లోనా హోంలోనా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోకండి. ఈ రెండు వందల ఏళ్ళ కథ మనకి ఇంకో ప్రశ్న ఇచ్చింది. ఎక్కడ ఉన్నా, ఆ చోటు ఆ మనిషికి తగ్గట్టు మారుతోందా, లేక ఆ మనిషే చోటుకి తగ్గట్టు ముడుచుకుపోతున్నారా?

మన ఇంట్లో ఉన్నా, పొద్దున్న ఏడింటికి అందరూ వెళ్ళిపోయి సాయంత్రం ఆరింటిదాకా ఒక్క తెలుగు మాట వినపడకపోతే, కారు నడపడం రాని మనిషికి అది ఎంత పెద్ద ఇల్లయినా పాత పూర్‌హౌసే. నర్సింగ్ హోంలో ఉన్నా, శాకాహారం అంటే ఉడకబెట్టిన బ్రోకలీ కాదనీ, చివర్లో ఇంత పెరుగన్నం తినకపోతే ఆవిడకి భోజనం చేసినట్టుండదనీ ఎవరో ఒకరు వంటవాళ్ళకి చెప్తే అది సగం ఇల్లవుతుంది. ఫ్లారిడాలో తవారెస్ దగ్గర భారతీయుల కోసమే శాంతినికేతన్ అనే విశ్రాంత గృహసముదాయం వచ్చిందంటే కారణం ఇదే. మదర్ ఏంజెలీన్ 1929లో అడిగిన ప్రశ్నకి మనవాళ్ళు ఇచ్చుకున్న ఒక జవాబు అది. అందరికీ అందే జవాబు కాదు, కానీ జవాబే.

అందనివాళ్ళకి జోలె ఉండనే ఉంది. డబ్బు జోలె కాదు, సమయం జోలె. ప్రతి ఊళ్ళోనూ తెలుగు సంఘం ఉంది. ఉగాదికి వందల మందికి భోజనాలు పెడతాం. మన ఊరి నర్సింగ్ హోముల్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీయడం ఒక శనివారం పని. వారానికి ఇద్దరు చొప్పున వెళ్ళి ఒక గంట కూర్చుని, ఒక డబ్బాలో ఇంత పప్పూ చారూ ఇచ్చి రావడం పెద్ద పని కాదు. ఇద్దరిద్దరుగా గుమ్మాలకి వెళ్ళడం ఆ చెల్లెళ్ళ పద్ధతే కదా! మన పెద్దవాళ్ళు బాగున్నప్పుడే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే, "అమ్మా, రేపు నీకు చేతకాని రోజు వస్తే నీకు ఏది వదులుకోవడం కష్టం?" అని అడిగి రాసి పెట్టుకోవడం మరీ ముఖ్యం. కొందరు పూజగది అంటారు. కొందరు పొద్దున్నే కాఫీ అంటారు. కొందరు తలుపు గడియ తమ చేతిలో ఉండాలంటారు. అడగందే తెలియదు.

ఝాన్ జుగాన్ ముందు గుడ్డి ముసలావిడని మోసుకుని మెట్లెక్కింది, ఆ తరవాత సంస్థ పుట్టింది. అంచేత సంఘాలూ, కమిటీలూ తరవాత సంగతి. ఈ వారం ఒక్క పెద్దావిడ దగ్గర ఒక్క గంట కూర్చోండి. ఆవిడ మీ అమ్మ కానక్కర్లేదు.